రాని బిడ్డ ఇంటికి వెళ్లేదెవరు?

ధాత కరువు నాటి మాట. 1876 నుంచి రెండేళ్లపాటు వానలు మొహం చాటేసి, దక్షిణాది పల్లెలు ఆకలితో ఎండిపోయిన రోజులు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. వేలమందికి కూలి దొరికింది. ఆయన దగ్గర తర్ఫీదైన తెలుగు బోధకులే మేస్త్రీలయ్యారు. మట్టి తట్టలు దించి సేదదీరే వేళల్లో వాళ్లు కూలీల పక్కన కూర్చుని కష్టసుఖాలు మాట్లాడారు, తమ విశ్వాసం గురించి చెప్పారు. బాప్తిస్మం ఇమ్మని అడిగినవాళ్లు కొల్లలు. కరువు పని సాగినన్నాళ్లూ క్లౌ ఒప్పుకోలేదు. గంజి కోసం దేవుణ్ని ఒప్పుకున్నారన్న మాట వాళ్ల మీద పడకూడదన్నది ఆయన పట్టుదల. సాయం ఆగిపోయాక, ఇక పంచడానికి ఏమీ లేదని తేలాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో, వెలంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ అంకెను తెలుగు క్రైస్తవులు గర్వంగా చెప్పుకుంటారు. చెప్పుకోవలసిందే. అయితే ఆ రోజు కంటే ఆ మర్నాడు ఎదురైన ప్రశ్న పెద్దది. ఏడాది ముగిసేసరికి కొత్తగా చేరినవారు తొమ్మిది వేలు దాటారు. వారిలో అక్షరం వచ్చినవారు అతి కొద్దిమంది. ఉంటున్నది ఊరికి ఆవల విసిరేసినట్టున్న గూడేల్లో. వాళ్లకు బైబిల్ చదివి వినిపించేదెవరు? పిల్లల చేత అఆలు దిద్దించేదెవరు? ఇంట్లో జబ్బు చేస్తే, చావు జరిగితే గుమ్మంలో వచ్చి నిలబడేదెవరు? తెలుగునాట క్రైస్తవ విద్య, సంఘ నాయకత్వం, కాపరి పరిచర్య ఈ ప్రశ్నలకు జవాబుగానే పల్లెపల్లెకూ పాకాయి. ఒకే కడుపున పుట్టిన ఈ మూడూ ఇవాళ వేరుకాపురాలు పెట్టుకున్నాయి. మిషన్ బళ్లలోనూ సంఘాల్లోనూ మనకు కనిపిస్తున్న చాలా జబ్బులకు మూలం ఆ వేరుకాపురమేనన్నది నా వాదన.

పగలు పంతులు, మాపటికి ఉపదేశి

ఆనాటి పల్లె పంతులు ఎలాంటివాడో ఒకసారి గుర్తు చేసుకోవాలి. తాటాకు పాకే బడి, ఆదివారం అదే గుడి. పగలు పిల్లలకు చదువు చెప్పినవాడే పొద్దుగూకాక పొలం నుంచి వచ్చిన పెద్దలను కూర్చోబెట్టి ప్రార్థన నడిపేవాడు. ఉత్తరం వస్తే చదివి పెట్టేవాడు, అర్జీ కావాలంటే రాసి పెట్టేవాడు. వెట్టి దగ్గరా కూలి దగ్గరా తగువు వస్తే గూడెం తరఫున మాట్లాడవలసిందీ అతనే. ఉపదేశి అని పిలిచినా పంతులు అని పిలిచినా మనిషి ఒక్కడే.

అతని చేతిలో ఉన్న పరికరాలు రెండే. ఒకటి పాట. పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటి కవులు తెలుగు రాగతాళాల్లో కట్టిన కీర్తనలు చదువురాని నోళ్లలో పాఠ్యపుస్తకాలయ్యాయి. పలకా బలపం పట్టుకోని ముసలమ్మ కూడా సువార్త కథను వరసతప్పకుండా పాడగలిగిందంటే, ఆ చదువు చెవిగుండా నడిచింది. రెండోది హాజరుపట్టీ. బడికి రాని పిల్లవాడి పేరు పక్కన సున్నా చుట్టి ఊరుకునే వీలు అతనికి లేదు. ఆ పిల్లవాడి తండ్రి ఆదివారం తన ఎదుట కూర్చునే మనిషి. పిల్లవాడు రాలేదంటే జ్వరమైనా వచ్చి ఉండాలి, దొర పశువుల కాపలాకైనా పెట్టి ఉండాలి. ఏదో తెలుసుకోవాలంటే మాపటికి ఆ ఇంటికి వెళ్లాలి. వెళ్లేవాడు. తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం తొంభైతొమ్మిదింటిని వదిలి వెళ్లిన కాపరి కథను అతను ఆదివారం చెప్పేవాడు, మిగతా ఆరు రోజులూ చేసేవాడు.

ఈ పద్ధతిని ఒక విధానంగా మలిచినవాడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి తమిళుడు. నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సభలో, తెల్లదొరల త్యాగాన్ని గౌరవిస్తూనే వారి నుంచి సమానుల స్నేహం కావాలని మొహమాటం లేకుండా అడిగిన మనిషి. డోర్నకల్‌లో ఆయన పల్లె పంతుళ్లకు శిక్షణ ఇచ్చినప్పుడు భార్యలను ఇంటికి పరిమితం చేయలేదు, వారినీ చదువులో కూర్చోబెట్టాడు. పంతులు వాకిలి దాకానే వెళ్లగలడు. వంటింట్లో కూర్చుని కోడలి గోడు వినాలంటే పంతులమ్మ కావాలి. కాపరి పరిచర్యలో సగం అక్కడే ఉందని ఆయన గుర్తించాడు. 1939లో పూర్తయిన డోర్నకల్ కతీడ్రల్‌లో గుమ్మటాలూ మినార్లూ తామరపువ్వులూ కలిసి కనిపించినట్టే, ఆయన బోధనలో ఈ నేల పండుగా పాటా కలిసిపోయాయి.

ఇంకో సంగతీ మరవకూడదు. ఒంగోలు ఉద్యమం మిషనరీ బంగళాలో పుట్టలేదు. తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య, మాదిగ కులంలో పుట్టి అప్పటికే ఆధ్యాత్మిక గురువుగా పేరున్నవాడు, తాను నమ్మింది తన వాళ్లకు తానే చెప్పుకుంటూ ఊరూరా తిరిగాడు. నాయకత్వం పదవి నుంచి రాలేదు. జనం మధ్య నడిచిన నడక నుంచి వచ్చింది.

చరిత్ర చెప్పే కఠిన పాఠాలు

గతాన్ని బంగారుపూత పూసి చూపితే దాని నుంచి ఏమీ నేర్చుకోలేం. రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో పెట్టిన బడి ఆ తర్వాత నోబుల్ కాలేజీ అయి, తెలుగుజాతికి ఎందరో విద్యావంతులను ఇచ్చింది. అదే నోబుల్ తొలినాళ్లలో తన తరగతిగదిని పైకులాల పిల్లలకే కేటాయించి, అంటరానివారన్న ముద్ర పడ్డ పిల్లలను గుమ్మం అవతలే ఉంచాడు. పైవాళ్లు మారితే కిందివాళ్లకు వెలుగు దిగుతుందని ఆయన అంచనా. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే బడి దాదాపు ఖాళీ అయింది.

ఒంగోలులో క్లౌకీ అదే పరీక్ష వచ్చింది. మాదిగలను చేర్చుకుంటే మా పిల్లల్ని మానిపిస్తామని అగ్రకుల కుటుంబాలు చెప్పాయి. ఆ రాత్రి తానూ తన భార్యా వేర్వేరు గదుల్లో బైబిల్ తెరిస్తే, ఇద్దరి కళ్లూ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక తొలి అధ్యాయంలో బలహీనులను ఎన్నుకున్న దేవుడి గురించిన భాగం మీదే పడ్డాయని ఆయన తరవాత రాసుకున్నాడు. ఆయన గూడెం వైపు నిలబడ్డాడు. పెద్దింటి పిల్లల ఫీజులూ పరపతీ వదులుకున్నాడు. ఏ క్రైస్తవ బడి అడ్మిషన్ల కమిటీ అయినా తన టేబులు మీద పెట్టుకోదగ్గ ఉదాహరణ ఇది.

ఇక గుర్రం జాషువా. 1895లో వినుకొండలో పుట్టి, గుంటూరు లూథరన్ శిక్షణ పాఠశాలలో తెలుగు చెప్పిన పంతులు. అంటరానివాడని ఒక లోకం ఆయన్ని అవమానిస్తే, పురాణాల మీద పద్యాలు రాస్తున్నాడని సొంత సంఘమూ ఆయన్ని దూరం పెట్టింది. క్రైస్తవ బడులు తయారుచేసిన అతిగొప్ప తెలుగు మేధ ఒంటరిగా నిలబడి ఉన్నప్పుడు, భుజం మీద చెయ్యి వేయవలసిన కాపరులు వేలు చూపారు. ఆ మనిషే తరవాత క్రీస్తు చరిత్ర రాసి, 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నాడు. ప్రశ్నించేవాడూ భిన్నంగా ఆలోచించేవాడూ మందకు చేటు చేస్తారన్న భయం కాపరితనానికి పరమ శత్రువు.

మార్కుల లెక్కలో మాయమైన మనిషి

ఇవాళ్టి మిషన్ బడికి వద్దాం. ఎయిడెడ్ పోస్టులు ఖాళీ అవుతూ వచ్చి భర్తీ కాలేదు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సిబ్బందిని తనలోకి తీసుకునే విధానం తెచ్చినప్పుడు, దశాబ్దాల సేవ ఉన్న సంస్థలు సిబ్బందిని వదులుకోవాలా, ఫీజులు పెంచాలా, మూసేయాలా అని తల్లడిల్లాయి. మరోపక్క కార్పొరేట్ కాలేజీల హోర్డింగుల మీద ర్యాంకుల హోరు. ఆ పోటీలో నిలవాలని మిషన్ బడి కూడా స్టడీ అవర్లు పెంచింది, ఆటలు తగ్గించింది, పొద్దున్న అసెంబ్లీలో ఒక ప్రార్థనా ఒక పాటా మిగుల్చుకుంది. పేరులో సెయింట్ ఉంటే క్రైస్తవ బడి అయిపోతుందా?

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాల్లో తప్పులు దొర్లినప్పుడు 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్లు చదివిన కాలేజీలు రకరకాలవి. కానీ ఒక్క ప్రశ్న అందరికీ చెందుతుంది. ఫలితాలు వచ్చిన ఆ సాయంత్రం, తప్పినవాళ్ల జాబితా చేతిలో పెట్టుకుని వాళ్ల ఇళ్లకు బయల్దేరిన పంతుళ్లు ఎందరు? టాపర్ ఇంటికి స్వీటుడబ్బాతో వెళ్లడం అందరికీ తెలుసు. తప్పిన బిడ్డ ఇంటికి వెళ్లడం మనకు మరుపొచ్చింది.

విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణం నుంచి మొదలైన కేసులో, 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరుండాలి, చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధం పెట్టుకోవాలి. కోర్టు చెప్పాక కదలడం అందరూ చేసే పనే. కాపరి అన్న మాటను తన పునాదిరాయి మీద చెక్కుకున్న సంస్థ ఈ విషయంలో కోర్టు కంటే ముందుండాల్సింది.

చట్టం గురించి మరో ముఖ్యమైన సంగతి. రాజ్యాంగం 30వ అధికరణ మైనారిటీలకు తమ విద్యాసంస్థలు నడుపుకునే హక్కు ఇచ్చింది. విద్యాహక్కు చట్టం మైనారిటీ బళ్లకు వర్తించదని 2014లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ తీర్పును మళ్లీ చూడాలని 2025లో మరో ధర్మాసనం ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది. ఆ చర్చ ఎటు తేలినా, పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించే ఆ చట్టంలోని 17వ సెక్షను మాకు వర్తించదని వాదించే క్రైస్తవ బడి ఒక్కటి కూడా ఉండకూడదు. హక్కు మన చేతికి వచ్చింది బెత్తం పట్టుకోవడానికి కాదు. అలాగే ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న బడిలో ఏ పిల్లవాణ్నీ సమ్మతి లేకుండా, చిన్నవాడైతే పెద్దల సమ్మతి లేకుండా, మతబోధలో కూర్చోబెట్టకూడదని 28వ అధికరణ మూడో నిబంధన చెబుతోంది. మిషన్ బళ్లకు వచ్చే పిల్లల్లో చాలామంది క్రైస్తవేతరులు. వాళ్ల తల్లిదండ్రులు నమ్మకంతో పంపుతున్నారు. ఆ నమ్మకాన్ని కాపాడే దారి క్లౌ కాలువగట్టు మీదే చూపించాడు. ఆదుకోవడం వేరు, అడగడం వేరు. ఏడుస్తున్న పిల్లవాడి కన్నీళ్లు తుడిచేటప్పుడు వాడి మతం అడగకూడదు, మార్చాలనీ చూడకూడదు. తుడిచిన చెయ్యే సాక్ష్యం.

కుర్చీలో కాపరి

సంఘం సంగతి ఇంతకంటే బరువైనది. పాత సంఘాల్లో కమిటీ ఎన్నికలు కులాల లెక్కలతో, వర్గాలతో ఊరి పంచాయతీ ఎన్నికలను తలపిస్తున్నాయి. మిషనరీలు వదిలివెళ్లిన స్థలాలు, షాపుల అద్దెలు, లీజుల చుట్టూ తగాదాలు కోర్టు మెట్లెక్కుతున్నాయి. ఆస్తుల ఫైళ్లు మోస్తున్న చేతికి జబ్బుమనిషి చెయ్యి పట్టుకునే తీరిక ఎక్కడిది? కొత్తగా పుట్టిన స్వతంత్ర సంఘాల్లో ఇబ్బంది ఇంకో రకం. అక్కడ ఉత్సాహానికి కొదవ లేదు, అర్ధరాత్రి పిలిచినా పలికే పాస్టర్లున్నారు. కానీ అన్ని నిర్ణయాలూ ఒక్క మనిషివే. లెక్క అడిగేవాడు అవిశ్వాసి, తండ్రి తరవాత పల్పిట్ కొడుకుది. కంచే చేను మేస్తే అడిగే దిక్కుండదు.

ఈ రెండు చోట్లా నలిగిపోతున్నది సామాన్య పాస్టరయ్య. చిన్న జీతం, పెద్ద సంఘం. పెళ్లిళ్లూ సమాధి కార్యక్రమాలూ గృహప్రవేశ ప్రార్థనలూ, రాత్రి రెండింటికి ఆస్పత్రి నుంచి ఫోనూ. అందరి బాధా వినేవాడి బాధ వినడానికి ఎవరూ లేరు. ఆయన ఇల్లాలిని ‘అమ్మగారూ’ అని పిలుస్తాం. ఆమె సండే స్కూలు నడపాలి, స్త్రీల సమాజం నడపాలి, వచ్చినవారందరికీ కాఫీ ఇవ్వాలి, జీతం మాత్రం లేదు. ఇంత బరువు ఒకే ఇంటి మీద మోపి, ఆ ఇల్లు కుంగిందని నిందించడం న్యాయం కాదు.

శిక్షణ విషయంలోనూ లోటుంది. 1964లో వేర్వేరు సంఘాలు చేయి కలిపి నెలకొల్పిన ఆంధ్ర క్రైస్తవ థియొలాజికల్ కళాశాల వంటి సంస్థలు చదివించిన తరాలున్నాయి. వాటి గుమ్మం ఎన్నడూ చూడని బోధకుల సంఖ్య మాత్రం పెద్దది. గ్రీకు వ్యాకరణం రాకపోయినా పల్లె సంఘం నడుస్తుంది. కానీ మద్యానికి బానిసైన తండ్రి ఇంట్లో పిల్లవాడు ఎందుకు మౌనమయ్యాడో, భర్త కొడుతున్నాడని చెప్పిన స్త్రీకి ఓర్చుకోమని సలహా ఇవ్వడం ఎందుకు పాపమో, దిగులు జబ్బుగా మారినప్పుడు ప్రార్థనతో పాటు డాక్టర్ దగ్గరికీ ఎందుకు పంపాలో తెలియని కాపరి చేతిలో మనుషులు గాయపడతారు. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ప్రతి చర్చి నోటీసుబోర్డు మీద ఉండాలి. ఆ నంబరుకు ఫోన్ చేయడం విశ్వాస లోపం కాదని పల్పిట్ మీద నుంచి చెప్పాలి.

పిల్లల రక్షణ గురించి ఒక మాట గట్టిగానే అనాలి. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం 19వ సెక్షను చెబుతోంది. దాచిపెడితే శిక్ష, సంస్థ పెద్ద దాచిపెడితే మరింత శిక్ష. హాస్టల్లోనో సండే స్కూల్లోనో అలాంటిది జరిగినప్పుడు సంఘం పరువు పోతుందని, నాలుగు గోడల మధ్య సర్దేద్దామని అనే పెద్దలు కాపరులు కారు. సంఘం పరువు ఆ బిడ్డే.

ఆశ లేకపోలేదు. 2013లో నంద్యాల డయాసిస్ నుంచి ఎగ్గోని పుష్పలలిత దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్ అయ్యారు. 2022లో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోని దేశంలో తొలి దళిత కార్డినల్ అయ్యారు. గూడెం బడి వేసిన విత్తనం ఎంత ఎత్తుకు పెరగగలదో ఈ రెండు పేర్లు చెబుతున్నాయి. అయితే పైన ఒక స్త్రీ, ఒక దళితుడు కూర్చోవడంతో కింది కమిటీల్లో స్త్రీలకూ పేదలకూ చోటు దానంతటదే రాదు.

విడిపోయినవి కలవాలంటే

చేయవలసినవి అసాధ్యమైనవేమీ కావు. మొదటిది, ప్రతి మిషన్ బడిలో క్లాసుటీచరు పనివేళల్లోనే పిల్లల ఇళ్లకు వెళ్లే సమయం టైంటేబుల్లో ఉండాలి. అది పీరియడ్ వృథా చేయడం కిందికి రాదు. శిక్షణ ఉన్న కౌన్సెలర్ జీతాన్ని ఫీజులోనో దాతల సాయంలోనో ముందుగా పక్కన పెట్టాలి, మిగిలితే చూద్దామనకూడదు. రెండోది, ఆస్తుల నిర్వహణను కాపరి భుజాల మీద నుంచి దించాలి. లెక్కలు తెలిసిన విశ్వాసులకు ఆ పని ఇచ్చి, ఏటా ఆడిట్ నివేదికను ఆరాధన ముగిశాక సంఘమంతటి ముందూ చదివించాలి. దాచడానికి ఏమీ లేనప్పుడు పోట్లాడుకోవడానికీ పెద్దగా ఉండదు. మూడోది, స్వతంత్ర సంఘాల పాస్టర్ల కోసం సెమినరీలు తమ తలుపులు తెరవాలి. శని, ఆదివారాల రద్దీ లేని రోజుల్లో, తెలుగులో, పిల్లల మనసు, కుటుంబ తగాదాలు, చట్టం, వినడం అనే విద్య మీద చిన్న కోర్సులు నడపాలి. నాలుగోది, ఒకప్పటి బైబిల్ స్త్రీల పరిచర్యను జీతంతో, గౌరవంతో, సంఘ కమిటీలో ఓటుతో తిరిగి తేవాలి. వంటింటి గడప దాటి గోడు వినగలిగేవాళ్లు ఇవాళా వాళ్లే. అయిదోది, సండే స్కూలును ఖాళీగా ఉన్నవాళ్లకు అప్పజెప్పే పనిగా చూడటం మానాలి. పిల్లలు అడిగే ప్రశ్నలకు భయపడని టీచర్లను వెతికి, నేర్పించి, నిలుపుకోవాలి. ఆ ప్రశ్నల్లో రేపటి జాషువా ఉండవచ్చు.

వీటన్నిటి వెనకా ఒకే మార్పు ఉంది. నాయకుణ్ని కొలిచే కొలత మారాలి. ఎంత పెద్ద మందిరం కట్టాడు, ఎంతమందిని పోగుచేశాడు, ఎన్ని ర్యాంకులు తెచ్చాడు అన్న లెక్కలు వెలంపల్లి నాటి అంకెను మాత్రమే గుర్తుంచుకున్నవాళ్లవి. ఆ 2,222 మందినీ తరవాతి ముప్పై ఏళ్లు పేరు పేరునా తెలుసుకుని, అక్షరం నేర్పి, చావులో పక్కన నిలబడిన పంతుళ్ల పేర్లు చాలావాటిని మనం మరిచాం. నిలిచిన సంఘం మాత్రం వాళ్లు కట్టిందే.

పాత మిషన్ బళ్ల బీరువాల్లో చెదలు పట్టిన హాజరుపట్టీలు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. వచ్చినవాళ్ల గుర్తుల మధ్య రానివాళ్ల సున్నాలు. ఆనాటి పంతులు ఆ సున్నా చుట్టి పుస్తకం మూసి, కండువా భుజాన వేసుకుని గూడెం దారి పట్టేవాడు. ఇవాళ ఆ హాజరు కంప్యూటర్‌లోకి ఎక్కింది, రానివాళ్ల తల్లిదండ్రులకు మెసేజ్ దానంతటదే వెళ్తోంది. మెసేజ్ వెళ్లాక మనిషి కూడా వెళ్లే బడి, మనిషి కూడా వెళ్లే సంఘం మనకు కావాలి. ఈ సోమవారం హాజరు తీసేటప్పుడు, ఈ ఆదివారం ఖాళీగా ఉన్న బల్ల కనిపించినప్పుడు, ఒక్క పేరు రాసుకుందాం. సాయంత్రానికి ఆ ఇంటి తలుపు తడదాం.